ఇతరములు

రోలాల మా టైపింగ్ సెంటర్ కాడ
నా కీబోర్డు మీది అక్షరాలు అరిగిపొయ్యి ఏండ్లాయె.
అరబ్బీ ఏడున్నదో, ఇంగ్లీషు ఏడున్నదో
వేళ్ళకే ఎరుక.

పందొమ్మిదేండ్ల సంది మంది బతుకులు కొట్టిన.
వీసా, మెడికల్, కార్డు, క్యాన్సిల్.
ఇప్పుడన్నీ ఫోన్లనే అయితున్నయని
నా కుర్చీ ముందటి లైను సన్నబడ్డది.
అయినా ఫోను పాడుదని నేననను.
ఒకప్పుడు జీతం
మూడేసి నెలలు కఫీలు జేబుల పండుకునేది.
బ్యాంకులనే పడాలని సర్కారు కాయిదా పెట్టింది,
ఇప్పుడు టింగుమని మెసేజొస్తది.
ఆ టింగు సప్పుడుకు దండం పెట్టినోళ్ళను
నా కండ్లతోని చూసిన.

ఎండకాలం పగటిపూట పని ఆపుమన్నరు.
అదీ మంచిదే.
కని అదే మిట్టమధ్యాహ్నం
'బయటికి రాకుండ్రి, నీడపట్టునుండుండ్రి' అని ఒక యాప్ చెప్తది.
ఇంకో యాప్
బిర్యానీ పొట్లంతోని బండి మీదున్న పోరన్ని
పన్నెండు నిమిషాలల్ల రమ్మంటది.
రెండూ ఒక్క ఫోన్లనే ఉంటయి.
ఒకదానితోని ఒకటి మాట్లాడుకోవు.

నా లొల్లి అది గాదు.
నా లొల్లి ఫారాల మీది గడులతోని.
ఎవలు గీసిండ్రో గని
మనిషి పట్టేటట్టు గియ్యలే.

మొన్న బేస్తారం రాత్రి
సజా క్యాంపు నుంచి బస్సు పట్టుకొని రాజలింగు వచ్చిండు.
టైల్స్ పని. వేలిముద్రలు ఎప్పుడో సిమెంటు తిన్నది.
"ఫిర్యాదు పెట్టాలె" అన్నడు.
జీతమా? వచ్చింది.
సెలవా? ఇచ్చిండ్రు.
వసతా? ఏసీ మంచిగనే ఉన్నది.
అడుగున మిగిలింది ఒక్కటే గడి, ఇతరములు.
రెండొందల యాభై అక్షరాలు దాటొద్దు.

అరగంట చెప్పిండు.
పై మంచం పోశెట్టి నిద్రలనే పొయ్యిండు.
కంపెనీని ఒక్క మాటనరాదు,
పెట్టె పంపింది, తోడు మనిషికి టికెట్టు పెట్టింది,
రావల్సిన పైసలు ఇంటికి చేర్చింది.
హాజరు యాప్ల పేరు తీసుడే మరిచింది.
పెట్టె పొయ్యినంక ఫోను పరుపు కింద దొరికింది.
రోజు పొద్దుగాల ఐదింటికి అది వెలుగుతది:
'మీరింకా హాజరు వెయ్యలేదు. మీ ముఖం చూపించండి.'
ఆరింటికి గ్రూపుల వస్తది:
పోశెట్టి, గైరుహాజరు.
నలబై ఒక్క దినాలాయె.

"సచ్చినోన్ని గైరుహాజరంటరా అన్నా?
ఆడు ఒక్కనాడు నాగ పెట్టలే."

పేరు తియ్యాలంటే ఓటీపీ కావాలె.
ఓటీపీ పోశెట్టి ఫోనుకే పోతది.
ఫోను పోశెట్టి మొఖం చూస్తెనే తెరుసుకుంటది.
మొఖం ఊరి వాగొడ్డున మట్టిల ఉన్నది.

"చార్జింగ్ అయిపోనియ్యరాదు,
దానంతటదే సల్లబడ్తది" అన్న.
రాజలింగు చానాసేపు
అక్షరాల్లేని నా కీబోర్డు దిక్కు చూసిండు.
"చార్జింగ్ రోజు నేనే పెడ్తున్న.
ఈడ ఆన్ని పేరు పెట్టి పిలిసేది
గదొక్కటే గదనే."

అరగంట మాటను కోసుకుంట పొయ్యిన.
పరుపు కోసిన. నాగ కోసిన.
చార్జింగ్ ముచ్చట యాడ్నో జారిపొయ్యింది.
'మరణించిన ఉద్యోగి వివరాలు సవరించగలరు' అని
ఇంగ్లీషుల కొట్టిన.
ఇంకా చానా అక్షరాల జాగ మిగిలే ఉన్నది,
అందుల ఏం పెట్టాల్నో నాకు తెలువలే.

నొక్కిన. అందిందన్నది.
వెంటనే ఇంకోటి అడిగింది.
"ఏమంటున్నదన్నా?"
"చుక్కలియ్యమంటున్నది. ఐదు దాక ఇయ్యొచ్చు."
"ఐదూ ఇయ్యి. దానిదేం తప్పు."

ఇచ్చిన.
పదిహేను దిర్హాములు తీసుకున్న, అబద్ధమెందుకు.
రసీదు మీద ఎవల పేరు రాయాలని అడిగిన.
పోశెట్టిదే రాయమన్నడు.