మొదటి గంట

గుణుపురంలో వాన. కరెంటు పోయింది.
దొళాయి జెరాక్సు కొట్టులో స్టూలు మీద నేను,
ఒళ్లో మూడు కోర్సుల కాగితాలు.
కరెంటు వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మొదటిది శని ఆదివారాల్లో అయిపోతుంది.
రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
ఆ చివరి రూపాయి ఎందుకు వదిలేశారో
వాళ్ల ఇంగ్లీషుకే తెలియాలి.
సర్టిఫికెట్టు మీద బంగారు ముద్ర,
భూగోళం చుట్టూ ఎగిరే పావురం.

రెండోది నూట ఇరవై గంటలు, ఫోన్లోనే.
మా వీధిలో సిగ్నలు
మేడెక్కితే ఒక గీత, వంశధార గట్టెక్కితే రెండు.
గట్టు మీద నిలబడి వ్యాకరణం చదవడానికి
నాకేం నామోషీ లేదు.
కానీ అందులో పిల్లలు లేరు.
ప్రశ్నకి నాలుగేసి జవాబులున్నాయి గానీ
అర్థంకాక బిక్కచచ్చిన మొహం ఒక్కటీ లేదు.

మూడోది విశాఖలో. నెల్లాళ్లు.
ఫీజు చూసి కాగితం మడిచేశాను:
పదకొండు నెలల ట్యూషన్ డబ్బు,
అదీ నాయక్ గారబ్బాయి బాకీ తీరిస్తే.

"ఏదైనా ఒకటే మేడమ్,
రంగు కాగితమైతే ఇరవై" అన్నాడు దొళాయి.
అతనికి అన్ని చదువులూ ఏ-ఫోర్ సైజే.

మడిచిన కాగితం వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో:
మొదటి రోజు మొదటి గంట
మీకు తెలియని భాషలో పాఠం. అనువాదం ఉండదు.

వేలు అక్కడ ఆగిపోయింది.
ఆ గంటలో నేను కూర్చున్నదాన్నే.
కాదు, నిలబడ్డదాన్ని.

ఒకటో తరగతి. రేకుల కప్పు.
తెలుగు తప్ప మరోటి వినని చెవులు.
బిద్యుల్లత దీదీ నావైపు చూసి "బొసొ" అంది.
నిలబడ్డాను.
"బొసొ."
ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.
మూడోసారి అరిచింది.
అరిస్తే అర్థమవుతుందనుకునే వాళ్లు
అన్ని భాషల్లోనూ ఉంటారు.
మొన్న ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ దగ్గర నేనూ అరిచాను.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి
నా గౌను అంచు పట్టి కిందికి లాగింది.
కూలబడ్డాను.
ఓహో, బొసొ అంటే ఇదా.

ఆసంతి రైతా. కొండ మీంచి దిగొచ్చిన సవర పిల్ల.
తనకీ ఒడియా రాదు.
నాకంటే ఒక రోజు ముందు తిట్లు తింది, అంతే.

మూడోదాని ఫారం నింపాను.
మాతృభాషకి ఒకటే గడి. తెలుగు అని రాస్తే
'గు' గడి దాటి బయటికొచ్చేసింది.
విదేశీ భాష నేర్పిన అనుభవం?
ఒక భాషలో పసుపు బేరమాడి,
ఇంకో భాషలో తూయించుకుని,
మూడోదాంట్లో మోసపోయే ఊరు మాది.
ఇందులో విదేశం ఎటువైపు? గీత గీసి వదిలేశాను.

మీకు చదువు చెప్పిన ఒకరి పేరు, ఫోన్ నంబరు:
ఆసంతి రైతా.

కరెంటొచ్చింది. మిషను ఒళ్లు విరుచుకుంది.
"తీసీమంటారా?" అన్నాడు దొళాయి.
తీసీ.

వాళ్లు ఫోన్ చేస్తే ఇంగ్లీషులోనే చేస్తారు కాబోలు.
చెయ్యనీ.
సంతలో పసుపుకొమ్ముల గుట్ట వెనక నుంచి
ఎత్తుతుంది తను.
ముందు "బొసొ" అంటుంది.