పదిహేడో ఫ్లాటు

కాలిన కట్టెల్ని ఎవరైనా తూస్తారు.
కాలనివాటిని తూచడం నా ఉద్యోగం.

వల్మియెరాలో, గౌయ నదికి రెండు వీధుల ఇవతల,
నలభై అయిదు ఫ్లాట్ల పాత అయిదంతస్తుల భవనం.
కిందటేడు దానికి దళసరి ఉన్ని కోటు తొడిగారు,
కిటికీలు మార్చారు. బ్యాంకు అప్పిచ్చింది.
మిగిలిన వేడితోనే ఆ అప్పు తీరాలి.
మిగిలిందని నేను సంతకం పెడితేనే
కాంట్రాక్టరు ఆర్విస్‌కి చివరి వాయిదా.

సాఫ్ట్‌వేర్ మంచిదే, అబద్ధమాడదు.
మూడు పాత చలికాలాల బిల్లులు తింటుంది,
రోజువారీ చలిని నంజుకుంటుంది,
చెల్లాచెదురు చుక్కల మధ్య ఒక గీత గీసి
కోటు లేకపోతే ఈ ఇల్లు ఈ ఫిబ్రవరిలో
ఎంత వేడి తాగి ఉండేదో చెబుతుంది.
జరగని ఫిబ్రవరి ఒకటి, జరిగిన ఫిబ్రవరి ఒకటి.
రెంటి మధ్య ఖాళీలోంచే నా జీతం.

యాభై శాతం ఆదా.
ఒప్పందంలో నలభై ఎనిమిదే.
"చూశావా విజ్మా, మావాళ్ళు గోడల్ని ఎలా కుట్టారో!"
ఆర్విస్ ఫోన్లో ఈల వేశాడు.
రిపోర్టు బటన్ ఆకుపచ్చగా వెలుగుతూ కూర్చుంది.

నాదొక పాడు అలవాటు.
అన్నం ఉడికిందనడానికి ఒక్క మెతుకు చాలంటారు గానీ
ఇళ్ళు మెతుకులు కావు.
సంతకానికి ముందు ఒక్కో ఫ్లాటూ విప్పి చూస్తాను.

పదిహేడు: సున్నా.
డిసెంబరు తొమ్మిది నుంచి సున్నా, సున్నా, సున్నా.
మీటరు చెడిందనుకున్నాను.
చెడి ఉంటే బాగుండేది.

తలుపు తీసింది స్కైద్రీతె, ఎనభై ఒకటి,
గాజు పోగుల ఫ్యాక్టరీలో ఒకప్పటి షిఫ్టు ఫోర్‌మన్.
ఇంట్లోనే బయటి కోటు, ఊలు టోపీ.
నా థర్మామీటరు పన్నెండున్నర దగ్గర ఆగిపోయింది.
"నేనే కట్టేశాను. అప్పు అందరిదీ కదా," అంది,
దొరికిపోయినట్టు కాదు,
పతకం చూపిస్తున్నట్టు.
"మంచం ఓజొల్స్ వాళ్ళ గోడవైపు జరుపుకున్నాను.
పసిపిల్లలున్న ఇల్లు, బాగా కాగుతుంది."
పొరుగు గోడ వెచ్చదనం ఏ గడిలో రాయాలో
నాకు ఎవరూ నేర్పలేదు.

బిల్లులో సగం ఎలాగూ చదరపు మీటర్లకే పడుతుందని
కాగితం మీద లెక్కకట్టి చూపించాను:
ఆమె చలికాలం మొత్తం వణికి మిగిల్చింది
నెలకి పదకొండు యూరోలు.
కాగితాన్ని చాలాసేపు చూసింది.
"పదకొండు యూరోలంటే పదకొండు యూరోలే," అంది,
టీ ఇచ్చింది.
నేను టీ తాగలేదు. కప్పుతో చేతులు కాచుకున్నాను.

మెట్లు దిగుతూ తొమ్మిదో ఫ్లాటు తట్టాను.
తర్వాత ముప్పై నాలుగు. తర్వాత నలభై.
అన్ని తలుపుల వెనకా కోట్లే.

ఆఫీసులో 'సవరణలు' తెరిచాను.
కారణాలు ముందే అచ్చేసి ఉన్నాయి:
కొత్త యంత్రం, పెంచిన అంతస్తు, ఖాళీ అయిన గది.
భయం లేదు.
'ఇతరములు' నొక్కి
నాలుగిళ్ళను ఇరవై డిగ్రీలకు తెచ్చాను,
కాగితం మీదైనా ఒక రాత్రి వెచ్చగా పడుకుంటారని.

నలభై ఏడు పాయింట్ ఎనిమిది.

ఆర్విస్ ఈల వెయ్యలేదు. చాలాసేపటికి,
"రెండు పదోవంతులు విజ్మా, రెండే," అన్నాడు.
అతని దగ్గర పదకొండుమంది పనివాళ్ళు,
వాళ్ళ గోడల్లో ఏ లోపమూ లేదు.
ఆ వాక్యం కూడా రిపోర్టులో రాశాను,
బ్యాంకు వాళ్ళు చదివే పేజీలో కాదేమోనని
రెండుసార్లు రాశాను.

మార్చి అయిదున పదిహేడో నంబరు నుంచి
ఒక అంకె వచ్చింది: మూడు.
ఆమె తిప్పిందో, మీటరుకే తిక్క పుట్టిందో,
ఫోన్ చేసి అడగలేదు.
ఆదా ఆ మేరకు తగ్గింది.
తెర మీద ఆ మూడుని
మధ్యాహ్నం దాకా తెరిచే ఉంచాను.