చీటీ ఉందా?

మంగు మొదట కందిబద్దంత.
బొగ్గుల సెగ ముందునుంచి,
రామకృష్ణా బీచి ఎండ వెనకనుంచి,
పొత్తును తిప్పినట్టే నన్నూ తిప్పి తిప్పి కాల్చాయి కాబోలు,
మూడు వేసవులు తిరిగేసరికి
రెండు చెంపల మీదా రెండు నల్ల సీతాకోకచిలుకలు.
తోలితే పోవు.

మంగు శని పట్టిందన్నారు కొందరు.
పక్కన మురీ మిక్చరు బండి అసిరితల్లి మాత్రం
కొంగుముడి విప్పి ఒక ట్యూబు ఇచ్చింది.
"వారం రాయే, అద్దం నిన్ను పోల్చుకోనేదు."
నిజమే.
మొదటి నెల గవ్వలా తెల్లబడ్డాను.
రెండో నెలకి చెమట తగిలితే చుర్రుమనేది,
ఉల్లిపొరలా పలచబడ్డ తోలు కింద
ఎర్రటి నరాలు కనిపించేవి.
మూడో నెల, చెప్పుకుంటే సిగ్గు,
చెంప మీద పొత్తు పీచులా
సన్నటి నూగు మొలిచింది.
రోజూ వందల పొత్తులకి పీచు ఒలిచే చేతులు
అక్కడికొచ్చి ఆగిపోయాయి.

కేజీహెచ్ ఎత్తు ఎక్కి వరసలో నిలబడ్డాను.
చిన్న డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి
"ఇది రాయమని ఎవరు చెప్పారు?" అంది.
ఎవరూ చెప్పలేదు.
ఎవరో ఇచ్చారు, అంతే.
దాన్ని మెల్లగా మానిపించి, తోలు తేరుకున్నాక
వేరే ట్యూబు రాసింది. ఎండలో తిరగొద్దంది.
నా అన్నం ఎండలోనే ఉడుకుతుందని
ఆమెకి చెప్పలేకపోయాను.

ఆసుపత్రిలో ఆ మందు లేదు.
బయట షాపులో నాలుగువందల తొంభై.
పొత్తుకి పది మిగులుతుంది నాకు.
నలభై తొమ్మిది పొత్తులు
వేళ్ళ మీద కాల్చుకుంటూ దిగొచ్చాను.

సాయంత్రం బెలూన్లు కాల్పించే దాలినాయుడు
సబ్‌మెరైను నీడలో కూచుని ఫోన్ తీశాడు.
మొదటి చోట రేటు సగానికి సగం.
చీటీ అక్కర్లేదట, డాక్టరు అక్కర్లేదట,
ఈ రాత్రికి కొంటే ఇంకొకటి ఉచితమట.
తెల్లటి అమ్మాయి నవ్వుతోంది.
నా బొటనవేలు అటే వెళ్ళింది.

వెళ్ళి, ఆగింది.
అడక్కుండా ఇచ్చినదానితోనే కదా కాలాను.

రెండోచోట అన్నీ పేచీలే.
చీటీ ఫొటో పంపమంది.
గాలికి ఎగిరే కాగితాన్ని పిట్టగోడ మీద పరిచి
నేను రెండు మూలలు, వాడు రెండు మూలలు నొక్కి,
బొగ్గు మరక పడిందని ఒకసారి,
అల తుంపర పడిందని ఒకసారి,
మూడోసారికి కుదిరింది.
కింద లైసెన్సు నంబరు, దొండపర్తిలో అడ్రసు.
కంపెనీ వేరు, లోపలి మందు ఒకటే:
దాలినాయుడు అక్షరం అక్షరం కూడబలికి
చీటీతో సరిచూశాడు. రెండువందల ఎనభై.

మర్నాడు బొగ్గులు విసురుతుంటే ఫోను.
"ఎర్నమ్మ గారేనా అండీ? మందుల షాపు నుంచి.
చీటీ చూశాం. ఒక్క మాట అడగాలి.
గర్భంతో ఏమైనా ఉన్నారా?"

నవ్వొచ్చింది.
నలభై మూడేళ్ళు నాకు. మనిషి పోయి తొమ్మిదేళ్ళు.
నవ్వు గొంతు దాకా వచ్చి ఎందుకో ఉప్పగా మారింది.
ఆ తెల్ల ట్యూబు నన్నీ ప్రశ్న అడగలేదు.
నా ఒంటి సంగతి
అడిగి, ఆగి, జవాబు వినేవాళ్ళు
ఈ మధ్య ఎవరున్నారు గనక?
"లేదండి" అన్నాను. ఇంకేదో కూడా చెప్పాలనిపించింది.
"రాత్రిపూటే రాయండి, బఠాణీ గింజంతే" అని
అతను పెట్టేశాడు.

సీలు చూశాను, తారీఖు చూశాను,
పెట్టె మీద నంబరూ ట్యూబు మీద నంబరూ
కవల పిల్లల్లా ఉన్నాయో లేదో చూశాను.
ఐస్‌క్రీము వాడి పాత గొడుగు బండికి కట్టాను.
నాలుగు దాటాకే పొత్తులు ఇప్పుడు.
మంగు పోయిందని అనను.
ఎడమ చెంప మీద సీతాకోకచిలుకకి
ఒక రెక్క కొంచెం రంగు వెలిసింది, అంతే.

అసిరితల్లి గెడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.
"ఏటి రాత్తన్నావే? నాకూ కూసింత ఎట్టు."

విసనకర్ర ఆపాను.
"చీటీ ఉందా?"