మూడో రాయి

సుంకి ఘాటీ దిగేవాళ్ళు
నా షెడ్డు దగ్గర ఆగుతారు,
ఆగగలిగితే.

ఆ మధ్యాహ్నం పొట్టంగి నించి
పశువుల కాంపౌండరు బెవర జగ్గునాయుడు గారు
తెల్ల అంబాసిడర్ని రెండో గేరులో మూలిగిస్తూ దింపి,
గేరులోనే వదిలి, పరుగున డిక్కీ తెరిచి
ముందు చక్రానికి అడ్డంగా రాయి పెట్టేరు.
పదకొండేళ్ళ రాయి.
టైరు ఒరిసి ఒరిసి ఒక పక్క దొప్పలా పల్లమయింది.

"బ్రేకు ఎడమకి లాగెస్తన్నాది, ఆ పక్క సూడు" అన్నారు.
నేను కుడి చక్రం విప్పేను.
ఎడమకి లాగిందంటే ఎడమది పని చేస్తున్నట్టే.
పని మానేసినవాడు ఎప్పుడూ రెండో వైపుంటాడు,
చప్పుడు లేకుండా, తడిగా.

డ్రమ్ము రాలేదు.
పనసకాయ పండిందా అని తట్టినట్టు
చెక్కసుత్తితో చుట్టూ తట్టేను. ఊడింది.
చిన్న సిలిండరులో వాషరు చిరిగి
ఆయిలు కారి కారి
లైనింగు నానిన అట్టలా ఉంది.
"కిరసనాయిలుతో కడిగీ, ఎలిపోద్ది."
కడిగితే పైపైన ఆరుతుంది బాబూ,
తాగింది లోపలే ఉంటుంది.
దిగుడులో వేడెక్కిందంటే మళ్ళీ చెమరుస్తుంది.
మారిస్తే రెండు పక్కలా మార్చాలి,
ఒక్కటే మారిస్తే లాగే దిక్కు మారుతుందంతే.

ఇక హేండుబ్రేకు.
డాష్‌బోర్డు కింద గొడుగు పిడి,
లాగితే మోచెయ్యి దాకా వచ్చేస్తోంది.
సాలూరులో ఎవరో కేబులు బిగించేరట,
జయపురంలో ఇంకొకరు ఇంకొంచెం.
మర ఆఖరికొచ్చేసింది.
అందరూ తాడే బిగిస్తారు.
తాడు చివర పట్టుకోవలసిన చేతులు
అరిగి, ముడుచుకుని, దూరం జరిగిపోతే
తాడేం చేస్తుంది?
మొత్తం వదులు చేసేను.
బిగుసుకుపోయిన అడ్జస్టర్లకి డీజిలు పోసి
ఒక బీడీ కాలేంతసేపు కూచున్నాను.
పావు తిప్పు. మళ్ళీ పావు.
చక్రం చేత్తో తిప్పితే
బియ్యంలో చెయ్యి పెట్టినంత గరగర వినపడేదాకా.
ఆ తరవాతే తాడు.
ఐదో పంటికి పట్టింది.

ఆఖరు పని ఒక్కడివల్ల కాదు.
పక్క బడ్డీలో మండియా పెజ్ అమ్మే డమయి ఖిల్లో
గరిటె కుండలోనే వదిలేసి
అరికాళ్ళు గోనెకి తుడుచుకుని పెడలు దగ్గర కూచుంది.
ఆమెకి తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు.
మా ఇద్దరికీ కలిపి నాలుగు ముక్కలు.
తొక్కు. పట్టు.
కింద పడుకుని నిప్పిలు వదులు చేస్తాను,
సీసాలో బుడగలు. బిగిస్తాను.
వదులు.
నాలుగో ముక్క ఆమెది: "నాయి."
ఇంకా గాలుందని.
నా దగ్గర గేజీ లేదు,
ఆమె అరికాలుంది.
కట్టెల మోపుతో కొండ దిగిన కాలు,
మెత్తగా కుంగేదాన్ని చచ్చినా నమ్మదు.
దూరపు చక్రం నించి దగ్గరికి,
వెనక ఎడమది, వెనక కుడిది,
నాయి, నాయి, నాయి...
చివరి చక్రం దగ్గర ఏమీ అనలేదు.
తల ఎత్తి చూస్తే సీటు ఖాళీ.
గంజి పొంగుతోందని వెళ్ళిపోయింది.

నాయుడు గారు మలుపు దాకా నడిపి తిరిగొచ్చేరు.
షెడ్డు ముందు వాలులోనే నిలిపి
పిడి లాగి, దిగి,
అలవాటుగా కిందికి వంగేరు.
రాయి లేదు.

డమయి పొయ్యికి ఎప్పణ్ణించో ఒక రాయి తక్కువ,
విరిగిన ఇటుకతో నెట్టుకొస్తోంది.
ఇప్పుడు కుండ ఒరగడం లేదు.
టైరు చేసిన పల్లంలో
కుండ అడుగు కొలిచినట్టు కూచుంది.

"అది నా..." అని ఆగిపోయేరాయన.
బండి కదల్లేదు.
సన్నగా వాన అందుకుంది.
సూది వేసేముందు ఎద్దు మూపురం పట్టుకున్నట్టు
బానెట్టు మీద చెయ్యేసి
చాలాసేపు నించున్నారు.
"ఓ గ్లాసుడు గంజి ఇమ్మను" అన్నారు చివరికి,
ఆ చెయ్యి మాత్రం తియ్యకుండా.