వరస

కాశీబుగ్గ దాటాక మూడో వేబ్రిడ్జి.
కాటా మీద జీడిపిక్కల లారీ,
ఇంజను ఆపి ఎంతసేపైందో,
టైరు నీడలో డ్రైవరు నిద్ర.
లోపల తెరంతా నలుపు.
పై మూల తెల్లగా ఒకటే వాక్యం:
ఫలానా ఫైలు లేదు, మళ్లీ మొదలెట్టు.

"నానేటి సేసినానమ్మా," అన్నాడు తవిటయ్య.
"కాటా పోగ్రాం కొత్తదాన్లో నడవదన్నారు.
మా గుంటడు పాత ఎక్స్‌పీ తెచ్చి ఏసినాడు.
పాతదొచ్చింది, కొత్తది కనపడ్డం మానేసింది.
దాన్ని ఎతకబోయి
నూరు ఎంబీల గదేదో కాళీగా ఉందని సెరిపేసినాడు.
ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు."

గుంటడు గుమ్మం బయటే ఉన్నాడు,
చెప్పు అంచుతో మట్టి గీకుతూ.

డిస్కు తోశాను. ట్రే మూలుగుతూ లోపలికెళ్లింది.
నల్ల కిటికీలోంచి తొంగి చూస్తే
పద్దులు పద్దుల్లాగే ఉన్నాయి,
మూడేళ్ల బస్తాలు, తేదీ తేదీగా.
వాకిట్లో నిలబడి దారి చెప్పే మనిషే లేడు.

పాతదాన్నేం అనగలం?
అది పుట్టేనాటికి ఇది లేదు.
ఇంట్లో తనొక్కత్తే అనుకుని
వాకిట్లో తన మనిషిని కూర్చోబెట్టుకుంది.
కొత్తదైతే పాతదాన్ని ఎరుగును,
కాస్త జరిగి చోటిచ్చేది.
ముందు పాతది, తరవాత కొత్తది.
ఈ వరస నాకు ఎవరూ చెప్పలేదు.
పని మొదలెట్టిన ఏడాది, మందసలో ఓ బడి
హాజరు పట్టీ మొత్తం పోగొట్టి నేర్చుకున్నాను.

మొదటి ఆజ్ఞ కొట్టాను. రెండోది.
ఒక్కోదానికీ తవిటయ్య కుర్చీ
జానెడు దగ్గరికి జరిగింది.
మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంది.
"బేగి, బేగి" అన్నాడు,
నన్నో, దాన్నో.

తెర మీద రెండు పేర్లు లేచాయి,
ఒకదాని కింద ఒకటి.
ఎంచుకోడానికి ముప్పై సెకన్లు.
ఒకప్పుడు బట్టీ దగ్గర జీడి కాల్చి
గోరు నల్లబడిన వేలు
పాత పేరు మీదికి వెళ్లి, ఆగి,
గుమ్మం వైపు తిరిగింది:
"నువ్వే నొక్కరా."

డ్రైవరు లేచి దుమ్ము దులుపుకున్నాడు.
ఎర్ర అంకెలు పరిగెత్తాయి,
పైకి, కిందికి, మళ్లీ పైకి.
అవి నిలబడేదాకా
ఎవరమూ మాట్లాడలేదు.