సగ్గుబియ్యం

ఆ చలికాలం మా వంటింట్లో
సగ్గుబియ్యం డబ్బా ఊరికే ఖాళీ అయ్యేది.
ఎలుకలనుకున్నాను.
తర్వాత ఫెర్నాన్ అనుకున్నాను,
గుర్రాలశాలలో పడుకునేవాడు, ఎప్పుడూ ఆకలే వాడికి.

దొంగ దొరికాడు చివరికి.
తెల్లకోటు, జేబులో థర్మామీటరు,
చేతిలో నా గరిటె.
"గుర్రానికి, మదాం ఓదిల్," అన్నాడు కుర్ర డాక్టరు.
"గుర్రం జావ తాగుతుందా?"
"తాగదు. చర్మం కింద ఎక్కిస్తాం."

పారిస్ పొలిమేరలో ఇరవై ఏళ్లు వండిపెట్టాను,
ఇంత విడ్డూరం వినలేదు.

బల్లమీద పిండి చల్లి, వేలితో గీసి చెప్పాడు.
కంఠసర్పి విషాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి
కోరలు పీకి గుర్రానికి ఎక్కిస్తారట.
కోరల్లేని పాము కదా,
ఎవరో వచ్చారు, పోయారు అనుకుని
రక్తం అటు తిరిగి పడుకుంటుందట.
సూది దిగిన చోట చీముపట్టిన గుర్రాలే
చిక్కటి మందు ఇచ్చాయట.
ఇప్పుడు వాళ్లకు
చీము వద్దు, చీము చేసే గోల కావాలి.
అందుకని
నా సగ్గుబియ్యం.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.
ఒళ్లు కూడా అంతే కాబోలు.

సాయంత్రం శాలకి వెళ్లాను.
బూడిదరంగు గ్రిజెట్, మెడమీద కోడిగుడ్డంత వాపు.
అరచెయ్యి ఆనించాను.
పొయ్యిమీంచి అప్పుడే దించిన గిన్నె అడుగులా ఉంది.
అది నావైపు చూడలేదు, ఎండుగడ్డి నములుతూనే ఉంది.
దాని మెడలో మాత్రం
ఎవరో తలుపు బాదుతున్నారు.

మా రెమీకి ఆరేళ్లు.
గొంతులో బూడిదరంగు పొర, ఊపిరి ఈల వేసేది.
అర్ధరాత్రి డాక్టరు కోసం వీధిలోకి పరుగెత్తబోతే
నాన్న నా జబ్బ పట్టుకున్నాడు.
"పక్కింటివాళ్లు లేస్తారు. తెల్లారనీ."
తెల్లారింది.

మర్నాటి నుంచి డబ్బా నేనే దించాను.
జల్లించి, మరిగించి, మూతపెట్టి
నా చేత్తో శాలకి పంపాను.
లెక్కల పుస్తకంలో సూపు అని రాశాను.

గుమాస్తా లవెర్ది గారు చెంచా ఎత్తి
వెలుతురుకి పట్టి చూశాడు.
"ఇదేం సూపు, మదాం? ఒట్టి నీళ్లు!"
ఇంకాస్త గట్టిగా అరవండి, అన్నాను.