ముందా, వెనకా

పెట్టె మీద సెవెన్ పాయింట్ వన్ అని ఉంది.
విప్పి చూస్తే
డొప్పకొక్క స్పీకరు, అంతే.
మిగతావి ఎక్కడున్నాయని కాగితం తిరగేశాను.
అవి నా బుర్రలో ఉంటాయట.

ఖరీదు రెండు బస్తాల మేత.
బాబాయికి ఇంకా చెప్పలేదు.

మొగల్తూరు దాటాక, ఉప్పుటేరు ఇవతల,
అయిదెకరాల రొయ్యల చెరువు,
గట్టు మీద మకాం,
మకాంలో సున్నం బస్తాల పక్కన నా కంప్యూటరు.
రాత్రి కాపలా నాది.
కాపలా అంటే ఆట, మధ్యమధ్యలో టార్చి.

మొదటి రాత్రి ఒంటికి సంబంధించినవి చూశాను.
బరువు పరవాలేదు.
అరగంటకి చెవులు ఆవిరి కుడుముల్లా ఉడికాయి.
మెత్తలు తోలంటాడు గానీ
ఈ ఉప్పుగాలికి దసరా దాకా ఆగితే గొప్పే.
మైకు మాత్రం మహా చురుకు.
భీమవరంలో కూచున్న రెహమతుల్లా
"నీ కప్పల్ని నోరు ముయ్యమనరా" అన్నాడు.

రెండో రాత్రి అడుగులు.
ఖాళీ గోదాములో నేను కదలకుండా నిలబడి
వాణ్ణి నా చుట్టూ తిరగమన్నాను.
ఎడమంటే ఎడమే. కుడంటే కుడే.
మెట్లెక్కితే మాత్రం
పైనో కిందో తేలని చోట నడిచాడు.
ఎదురుగా ఉన్నాడని కాల్చాను,
వెనకనుంచి చచ్చాను.
పదిసార్లలో ఆరుసార్లు.
ఆక్సిజన్ రీడింగులు రాసే పుస్తకంలోనే
కింద చిన్నగా రాసుకున్నాను.

మూడో రాత్రి కొల్లాటి సింగరాజు మావ వచ్చాడు,
పక్క చెరువు కాపలా, బీడీకి నిప్పు కోసం.
ఇరవై రెండేళ్ళుగా గట్ల మీద తెల్లారిన మనిషి.
పన్నెండు ఫ్యాన్లలో ఏది మూలుగుతోందో
దుప్పట్లోంచే చెబుతాడు.
"దొంగ నీళ్ళనడిగి దిగుతాడ్రా,
నీరుకుక్క అడగదు" అంటాడు.

ఇంతకంటే మంచి చెవులు నాకెక్కడ దొరుకుతాయి?
తలగుడ్డ విప్పించి పెట్టాను.
కళ్ళు మూసుకుని, చప్పుడెటో చేత్తో చూపించు మావా.
ఎడమకి చూపించాడు. కుడికి చూపించాడు.
ఎదురుగా వస్తుంటే
బొటనవేలు భుజం మీదుగా వెనక్కి.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ వెనక్కే.
చెయ్యి దించేసి
మెల్లగా తల తిప్పాడు,
చీకట్లో ఏదో తేల్చుకోవాలన్నప్పుడు తిప్పేటట్టు,
ఇటు కాస్త, అటు కాస్త.

"ఒరే, నేను తిరిగితే ఇదీ తిరుగుతుందేంట్రా!
నేను మెడ తిప్పానని
మూడో ఫ్యాను నాలుగో ఫ్యాను దగ్గరికి ఎళ్ళదు కదా.
చప్పుడు దాని చోట అది ఉండాలి,
మనం తిరగాలి.
ఇది దూడకి కట్టిన గంటలా ఉంది,
ఎటెళ్ళినా మెళ్ళోనే."

సెట్టింగుల్లో మార్చొచ్చు మావా అంటూనే ఉన్నాను,
అది తీసి నా ఒళ్ళో పడేశాడు.
బీడీ నోట్లో ఆగిపోయింది.
"పదకొండే" అన్నాడు.

నాకు ఫ్యాన్లు వినపడుతూనే ఉన్నాయి.
అన్నీ కలిపి ఒకటే హోరు.
అందులో ఒకటి తక్కువని
ఏ చెవితో వినాలో నాకు తెలీదు.

తూరుపు మూలన బెల్టు తెగి ఉంది.
ఎప్పుడు తెగిందో ఇద్దరికీ తెలీదు,
ఒకే డొప్పల్లో వంతులేసుకుని కూచున్నాం కదా.
టార్చి కొడితే నీటి అంచున
ఎర్రగా చిన్న చిన్న కళ్ళు,
వందలు, వేలు,
గాలి కోసం పైకొచ్చి.

బెల్టు మార్చేసరికి కోడి కూసింది.
మోకాళ్ళ దాకా బురద.
మావ ఇంకేం అనలేదు, నిప్పు మళ్ళీ అడిగాడు.

బయటి శబ్దం ఆపడంలో దీనికి పదికి పది.
నా ఫిర్యాదు కూడా అదే.
వెనక్కిచ్చేందుకు ఏడు రోజుల గడువు,
ఇవాళ అయిదు. పెట్టె చింపలేదు.

ఇప్పుడు ఎడమ డొప్ప చెవి మీద,
కుడిది చెవి వెనక్కి నెట్టి ఆడుతున్నాను.
ఒక పక్క రెహమతుల్లా బూట్లు,
ఒక పక్క చెరువు.
ఇంకా వెనకనుంచే చస్తున్నాను.

"ఉంచుకుంటావా, తిప్పికొడతావా?" అంటున్నాడు వాడు.
ఆగరా,
తొమ్మిది దాకా వచ్చాను,
లెక్క తప్పించకు.